పురుగులు నిద్రపోయిన పూట వాన

బట్లహళ్ళి దాటి మట్టిదారిలో రెండు మలుపులు తిరిగితే తిమ్మక్క ఇల్లు. తెల్లవారి అయిదింటికి ఆమె కాళ్ళు కడుక్కొని, పురుగులకు తెగులు అంటకుండా గడప దగ్గర పోసిన సున్నంలో పాదాలద్ది, మల్బరీ ఆకు గంప ఎత్తుకొని పట్టుపురుగుల తట్టల దగ్గరికి పోతుంది. ఆకు పరిచిన కాసేపటికి పురుగులు మేయడం మొదలుపెడతాయి. వేల నోళ్ళు ఒక్కసారిగా ఆకు కొరికితే సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడవుతుంది. పట్టు పెంచే ఏ ఇంట్లోనైనా ఇది మామూలే.

తిమ్మక్క ఇంట్లో మాత్రం అది చప్పుడుతో ఆగదు. నిజంగానే వాన పడుతుంది. నడవలో, దూలాల కింద, సన్నగా పడుతుంది. తట్టల మీద ఒక్క చుక్క పడదు, పొయ్యి మీదా పడదు. అంత తెలివి దానికుంది. ఊరి బోరు పదమూడు వందల అడుగులకు పోయి ఎండిపోయినప్పటినుంచి ఇరుగుపొరుగు వాళ్ళు మేత వేళకు బిందెలు తెచ్చి దూలం కింద పెట్టిపోతారు. ఆకు ముదిరితే వాన కొంచెం వగరుగా ఉంటుందని వాళ్ళ ఫిర్యాదు. అంతకుమించి ఆ వానను గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక్కడ పురుగుల సంగతి ఒకటి చెప్పాలి. గూడు కట్టేలోపల పట్టుపురుగు నాలుగుసార్లు నిద్రపోతుంది. తల పైకెత్తి, కదలకుండా, పాత చర్మం విడిచేదాకా అట్లాగే ఉంటుంది. ఆ నిద్రలో ఆకు వేయకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. కొత్తవాళ్ళను, ఘాటు వాసనలను ఇంట్లోకి రానీయకూడదు. మేత లేదు కాబట్టి ఆ రోజు తిమ్మక్క ఇంట్లో వాన కూడా ఉండదు. నలభై ఏళ్ళుగా ఈ నియమం తప్పలేదు కాబట్టే ఆమె చేతిలో ఒక్క పంటా చెడిపోలేదని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ మాట ఆమెకు బాగా ఇష్టం.

పురుగులు నాలుగో నిద్రకు కూర్చున్న రోజునే, పది నెలల మనవడు చేతన్‌కు బేదులు పట్టుకున్నాయి.

"అత్తా, నిన్న సాయంత్రం నుంచి ఏడుసార్లు అయినాయి" అంది కోడలు సుమ, గొంతు తగ్గించి. "నోరు ఎండిపోయుండాది. రాత్రినుంచి ఉచ్చ కూడా పోయలే. రెండు గుక్కలు నీళ్ళన్నా పోస్తాను."

"పోసింది పోసినట్లు కిందికి పోతాది. నిన్ననే చెప్తిని గదా, కడుపును పడుకోనియ్యల్ల. తల ఎత్తుకోని పడుకున్న పురుగుకు ఆకేస్తే ఏమైతాది? మీ అమ్మోళ్ళింట్లో ఆత్రపడి వేసి, తట్టలకు తట్టలు దిబ్బలో పారేసినారు గదా, తెలీదా?"

సుమ పెరట్లోకి పోయి, ఆరోగ్య కేంద్రంలో నర్సు రంజితకు ఫోన్ చేసింది.

తొమ్మిదింటికి స్కూటర్ వచ్చి ఆగింది. తిమ్మక్క గడపకు అడ్డంగా నిలబడింది.

"యాడికి? స్పిరిట్ వాసన గుప్పుమంటాంది. పురుగులు పడుకోనుండాయి."

"బ్యాగు బయటే పెడ్తానవ్వా. చేతులు కడుక్కుంటా" అంది రంజిత. కడుక్కుంది. చెప్పులు విడిచింది, సున్నంలో కాళ్ళు పెట్టింది. "ఇంకేమన్నా ఉండాదా?"

"జడలో మల్లెపూలు."

రంజిత పూలు తీసి స్కూటర్ అద్దానికి తగిలించింది. తిమ్మక్క గడప వదిలి పక్కకు జరిగింది.

నడవలో బిడ్డ సుమ ఒళ్ళో చిరాగ్గా ఏడుస్తున్నాడు. కళ్ళు లోపలికి పోయాయి.

"బిడ్డను చూడవ్వా."

"ఏడుస్తాండాడు. చూసేదేముండాది?"

"ఏడుస్తాండాడు సరే. కన్నీళ్ళేవి?"

తిమ్మక్క వంగి చూసింది. బుగ్గలు పొడిగా ఉన్నాయి. ఎండాకాలం ఏడ్చినట్టుంది ఆ ఏడుపు.

రంజిత ఒక చెంచా నీళ్ళు పట్టించబోతే వాడు చెంచాను రెండు చేతులా గుంజుకున్నాడు. "మింగుతాండాడు. మంచిదే. మత్తుగా పడుండి, తాగలేకుంటే మాత్రం ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఆగకూడదు" అంటూ అంబులెన్సుకు ఫోన్ చేసింది. బండి ఒక కాన్పు కేసుతో చిక్కబళ్ళాపురం పోయింది. తిరిగి రావడానికి రెండు గంటలైనా పడుతుందన్నారు.

"అంతవరకూ ఊరికే కూర్చోకూడదు. సుమక్కా, కాంచి చల్లార్చిన నీళ్ళుండాయా? ఒక లీటరు కొలిచి తే."

రంజిత బయటి బ్యాగులోంచి తెచ్చిన ఓఆర్ఎస్ పొట్లం చించబోతుంటే తిమ్మక్క చేయి పట్టుకుంది. "వద్దు సిస్టరమ్మా. నా మాటిను. ఏమీ పొయ్యొద్దు. వాడు నాకొక్కడే మనవడు."

అది మొండితనం కాదు, భయం. రంజిత తన చేతిని విడిపించుకోలేదు.

"అవ్వా, నిన్న కోసిన ఆకు ఒకటి ఇయ్యి."

మూలనున్న గంపలోంచి తిమ్మక్క చూడకుండానే ఒకటి తీసింది. "ఇది వాడిపోయింది."

"చూడకుండా ఎట్ల చెప్తివి?"

"మడిస్తే తెలీదా! తాజా ఆకైతే మడత విడిస్తే ఎగిరి సరిగ్గా అయితాది. వాడినదాంట్లో మడత అట్లే నిలబడ్తాది."

"అవే వేళ్ళతో ఇప్పుడు బిడ్డ కడుపు మీద చర్మం పట్టి విడువు."

తిమ్మక్క పట్టి విడిచింది. ముడత వెంటనే పోలేదు. ఇష్టం లేనట్టు మెల్లగా దిగింది. నలభై ఏళ్ళుగా ఆకును ఎరిగిన వేళ్ళవి. వాటికి ఎవరూ అబద్ధం చెప్పలేరు. ఆమె ఇంకోసారి పట్టి చూసింది. కింద కూలబడింది.

"వాడిపోయినాడే నా బిడ్డ!"

"వాడిన ఆకును మీరేం చేస్తారు?"

"తడి గోనె కప్పి... నీళ్ళు చల్లతాం."

"బిందెడు ఒక్కసారే కుమ్మరిస్తారా?"

"కుమ్మరిస్తే కుళ్ళిపోదా? కొంచెం కొంచెం చల్లల్ల. చల్లి, ఆగి, మళ్ళా చల్లల్ల."

"అంతే అవ్వా. పురుగు నిద్రకు ముందు కడుపునిండా మేసి పడుకుంటాది. బిడ్డ అట్ల కాదు, ఒంట్లో నీళ్ళు కారిపోతాండాయి. నిమిషానికొక చెంచా. సుమక్కా, మధ్యలో నీ పాలు కూడా ఇయ్యి. పాలు ఆపేది లేదు."

లీటరు నీళ్ళలో పొట్లమంతా కలిపారు. మొదట రంజిత పట్టించింది, తర్వాత సుమ. పదో చెంచాకు బిడ్డ వాంతి చేసుకున్నాడు.

"చూస్తిరా! నేను చెప్పలే?" తిమ్మక్క గొంతు పైకి లేవబోయి, పురుగులు గుర్తొచ్చి అణిగింది.

"పది నిమిషాలు ఆగి, ఇంకా మెల్లగా పట్టిద్దాం" అంది రంజిత, వాంతి తుడుస్తూ.

పది నిమిషాలయ్యాక చెంచా తిమ్మక్కే తీసుకుంది. "ఇటియ్యండి. మీకు ఆత్రమెక్కువ. తొందర తొందరగా పోస్తాండారు." మనవణ్ణి ఒళ్ళో వేసుకొని, ఆకు మీద నీళ్ళు చల్లినంత ఓపికగా పట్టించసాగింది. ఒక చెంచా. ఆగడం. ఇంకొక చెంచా. ఇల్లంతా పొడిగా, చప్పుడు లేకుండా ఉంది. పదకొండయింది. అంబులెన్సు రాలేదు. రంజిత మాటిమాటికీ బిడ్డ కళ్ళు చూస్తోంది, ఫోను చూస్తోంది.

టప్‌మని నడవలో ఒక చుక్క పడింది.

తిమ్మక్క తట్టల వైపు చూసింది. పురుగులన్నీ తలలెత్తుకొని నిద్రలోనే ఉన్నాయి. ఒక్క నోరూ కదలడం లేదు. తట్టల్లో ఆకే లేదు.

రెండో చుక్క బిడ్డ నుదుటి మీద పడింది. మూడోది ఆమె చేతి మీద. అప్పుడే ఆమె ఒడి వెచ్చగా తడిసింది. ఇదేమి వాన, వెచ్చగా ఉందే అనుకుంటూ కిందికి చూసింది.

"సిస్టరమ్మా! పోసినాడు! ఉచ్చ పోసినాడు నా మారాజు!"

పురుగుల నిద్రలో నలభై ఏళ్ళుగా గొంతెత్తని తిమ్మక్క, వీధి చివరిదాకా వినబడేటట్టు అరిచింది. ఆ అరుపుకు ఉలిక్కిపడి చేతన్ గుక్కపట్టి ఏడ్చాడు. వాన ఒక్కసారిగా అందుకుంది. దూలాల కింద ఏనాడూ పడనంత వాన. బిడ్డ బుగ్గలు తడిసిపోయాయి.

"కన్నీళ్ళో వానో తెలీడం లేదే" అంది సుమ, నవ్వుతూ ఏడుస్తూ.

తిమ్మక్క మనవడి బుగ్గ మీద వేలు రాసి నాలుకకు తాకించుకుంది. "ఉప్పగా ఉండాది. కన్నీళ్ళే!"

రంజిత వాడి కడుపు మీద చర్మం పట్టి విడిచింది. మడత ముందుకంటే చురుగ్గా సర్దుకుంది. అప్పుడు ఆమె గోడకానుకొని, వానలో తడుస్తూ, పొద్దుటినుంచి మొదటిసారి కాళ్ళు చాపుకుంది.

పదకొండున్నరకు అంబులెన్సు డ్రైవరు మంజునాథ గడప దగ్గరికొచ్చి, బయట ఎండను, లోపల వానను చూశాడు. "ఒక గొడుగుంటే ఇయ్యండమ్మా, బిడ్డ తడుస్తాడు" అన్నాడు. సున్నంలో కాళ్ళు పెట్టి లోపలికొచ్చాడు.

చింతామణి ఆస్పత్రిలో డాక్టరు బిడ్డను చూసి, ఒకరోజు ఉంచుకొని, పద్నాలుగు రోజులకు జింకు మాత్రలిచ్చి పంపాడు. "ఇంట్లోనే నీళ్ళు పట్టిస్తా వచ్చినారు, మంచి పని చేసినారు. ఎవరు పట్టించింది?" అని అడిగితే, రంజిత తిమ్మక్కను చూపించింది. పంట చెడిపోలేదన్న మాట కంటే ఈ మాట తిమ్మక్కకు ఎక్కువ ఇష్టమైంది. ఆ పంటా చెడిపోలేదు. అన్ని తట్టల్లోనూ పురుగులు గూళ్ళు గట్టిగా, తెల్లగా కట్టాయి.

తర్వాతి నెల మళ్ళీ పురుగులు నిద్రకు కూర్చున్న రోజు, పై వీధి మునివెంకటమ్మ మనవరాలిని చంకనేసుకొని గడప బయట నిలబడింది. లోపలికి రావడానికి జంకుతోంది.

"బేదులు తిమ్మక్కా, రాత్రినుంచి. పురుగులు పడుకోనుండాయని తెలుసు, అయినా..."

"పడుకుంటే పడుకోనీ. కాళ్ళు సున్నంలో పెట్టి లోపలికి రా. సుమా, రంజితకు ఫోన్ చెయ్యి. కాంచి చల్లార్చిన నీళ్ళు, పొట్లం తే." తిమ్మక్క పాపను ఒళ్ళోకి తీసుకొని, కడుపు మీద చర్మం పట్టి విడిచి చూసి, చెంచా అందుకుంది.

సుమ ఫోన్ చేసి వచ్చింది. నీళ్ళు కొలిచి ఇచ్చింది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, ఖాళీ బిందె తెచ్చి దూలం కింద పెట్టింది.