కొనేవాళ్ళ కుర్చీలు

చెప్పుల చప్పుడు వినగానే ఆమె దిగ్గున లేచి నిలబడింది. ఒళ్ళోని చిక్కుడుకాయలన్నీ నేలపాలయ్యాయి. వచ్చినవాడు భర్తే. అత్తగారి ముఖం చేటంత అయింది. కొత్తగా కాపురానికొచ్చిన చిన్నకోడలి వైపు తిరిగి, "చూశావా అమ్మాయ్? పెళ్ళై ఇన్నేళ్ళయినా మొగుడొస్తే కూర్చుని ఉండదు. నీ తోడికోడల్ని చూసి నేర్చుకో" అంది. భర్త మీసాల చాటున నవ్వుకుని కుర్చీలో కూలబడ్డాడు.

ఆమె వంగి కాయలు ఏరుకుంది. చెవులు మాత్రం ఇంకా గుమ్మం వైపే ఉన్నాయి. ఆమె చీరలమ్మే షాపులో కుర్చీలన్నీ కొనేవాళ్ళవే. అమ్మేవాళ్ళు గోడకు ఆనుకున్నా కెమెరాకు చిక్కుతారు. ఒకసారి బేరాల్లేని మధ్యాహ్నం, కాళ్ళు పీకేస్తుంటే బట్టల మూట మీద కాస్త చతికిలబడింది. సూపర్‌వైజర్ వెనకనుంచి వచ్చి, "ఏమ్మా మహారాణీ, దిండు తెప్పించనా?" అన్నాడు. అందరూ నవ్వారు. తోటి అమ్మాయిలు కూడా నవ్వారు, నవ్వకపోతే వాళ్ళకూ మూడుతుందని. ఆ రోజు నుంచి అడుగుల చప్పుడైతే చాలు, ఆమె కాళ్ళు ఆమె మాట వినడం మానేశాయి. బస్సులో కండక్టర్ వస్తే లేస్తుంది. నిద్రలో లేచి మంచం పక్కన నిలబడుతుంది. ఆఖరికి బాత్రూంలోనూ తీరిగ్గా కూర్చోలేదు.

భర్తతో చెప్పుకుంటే, "ఊళ్ళో అందరూ చేసే ఉద్యోగమేగా, నీకే మరీ సుకుమారం" అన్నాడు. చెప్పుకోవడం ఆమెదే బుద్ధి తక్కువ. ఎద్దు పుండు కాకికి ముద్దు. పైగా నిజం చెప్పొద్దూ, అత్తగారి మెప్పు మొదట్లో ఆమెకూ బాగానే ఉండేది. పగలంతా చీవాట్లు తిన్న మనిషికి ఏ మెచ్చుకోలైనా తీపే.

ఇంతలో గుమ్మంలో మరిది అలికిడి అయింది. ఆమె కాళ్ళు మళ్ళీ లేచాయి. చిన్నకోడలు అత్తగారి ముఖం చూసి, నేల మీద చెయ్యి ఊని తనూ లేవబోయింది. ఇరవై ఏళ్ళు నిండని ఆ పిల్ల కళ్ళలో అప్పుడే పుట్టిన బెదురు చూసి ఆమె కడుపు మండిపోయింది. ఆ పిల్ల భుజం గట్టిగా అదిమి పట్టుకుంది.

"కూర్చో చెల్లీ. నన్ను చూసి ఇది మాత్రం నేర్చుకోకు."

"అదేం మాటే!" అంది అత్తగారు.

"ఇది మర్యాద కాదత్తయ్యా, జబ్బు. షాపులో వాడి అడుగులకీ, మీ అబ్బాయి అడుగులకీ నాకు తేడా తెలియడం మానేసి చాలా కాలమైంది."