మధ్యలో పోయిన ఒకటి

మేనమామ రక్తపరీక్షల లాబ్‌లో కంప్యూటర్లు చూసుకునేది మేనకోడలే. ఎనిమిది మెషీన్ల తీగలూ ఒకే కంప్యూటర్‌లోకి రావాలంటే ఎనిమిది పోర్టుల సీరియల్ కార్డు కావాలి. ఏది కొనాలో కాగితం మీద రాసి మరీ ఇచ్చింది.

"పోర్టు పోర్టుకీ విడిగా బఫర్ ఉండాలి మావయ్యా. కంప్యూటర్ తీసుకునేదాకా మెషీన్ పంపిన అంకెలూ అక్షరాలూ అందులో ఆగుతాయి. అది లేని కార్డు ఊరికే ఇచ్చినా వద్దు."

మావయ్య తలూపాడు. ఊపి, తనకు తోచిందే తెచ్చాడు. "దానికీ ఎనిమిది కన్నాలే, దీనికీ ఎనిమిది కన్నాలే. నీ చాదస్తం గానీ, తేడా ఏముందే?"

గొణుక్కుంటూనే బిగించింది ఆమె.

పన్నెండో రోజు ఉదయం డాక్టర్ ఫోన్ చేశాడు. "షుగర్ ముప్ఫై రెండా? మరి మీరు పరీక్ష చేసిన ఈ లారీ డ్రైవరు నా ఎదురుగా కూర్చుని కబుర్లెలా చెప్తున్నాడయ్యా? నర్సు గ్లూకోజు సీసా కూడా తెచ్చేసింది!"

మెషీన్ మీద చూస్తే మూడు వందల పన్నెండు.

మావయ్య విరుచుకుపడింది టెక్నీషియన్ మీద. పంతొమ్మిదేళ్లుగా అక్కడే పనిచేస్తున్న ఆవిడ అందరికీ పెద్దక్క. "కళ్లు కనపడకపోతే ఇంట్లో కూర్చో!" అని పేషెంట్లందరి ముందూ అరిచాడు. ఆవిడ చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి, మెట్లు దిగిపోయింది.

మేనకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆవిడ టైపు చేస్తే కదా తప్పు కొట్టడానికి! అంకెలు తీగల్లోంచి వాటంతటవే వస్తాయి. ఇలా రా!"

ఎనిమిది మెషీన్ల చేతా పాత ఫలితాలు ఒకేసారి పంపించింది. తెరమీద జారిపోయిన అక్షరాల లెక్క పెరిగింది: ఏడు, పంతొమ్మిది, నలభై.

"చూశావా? కంప్యూటర్ ఒక అక్షరం తీసుకునేలోపు ఇంకోటొచ్చి దాన్ని తొక్కేస్తోంది. మూడుకీ రెండుకీ మధ్య ఒకటి ఇలాగే పోయింది. తెలిసీ దీన్ని బిగించాను చూడు, నన్ను చెప్పుతో కొట్టాలి!"

కార్డు పీకి అతని చేతిలో పెట్టింది. పన్నెండు రోజుల రిపోర్టులూ మెషీన్ల కాగితాలతో పోల్చి చూస్తే ఇంకో మూడు తప్పులు తేలాయి. ఆ ముగ్గురికీ అతని చేతే ఫోన్ చేయించి, సాయంత్రం పెద్దక్క ఇంటికి తీసుకెళ్లింది.

"పొరపాటైపోయిందమ్మా," అన్నాడు గుమ్మంలోనే.

"నా గుమ్మంలో ఎందుకు బాబూ? తిట్టింది పదిమందిలో. వాళ్లకి చెప్పండి," అని పెద్దక్క తలుపేసుకుంది.

మర్నాడు రిజిస్టరు ముందేసుకుని, తను అరిచిన పూట వచ్చిన పేషెంట్లందరికీ అతను ఫోన్లు చేశాడు. తప్పు తనదేనని ప్రతి ఒక్కరికీ చెప్పేదాకా మేనకోడలు పక్కనుంచి కదల్లేదు.

వారానికి సరైన కార్డు వచ్చింది, పెద్దక్కా వచ్చింది. ఎనిమిది మెషీన్లూ ఒక్కసారి పంపినా జారిపోయిన అక్షరాల లెక్క సున్నా దగ్గరే ఉంది.

"ఇంకా కోపం పోలేదా అమ్మాయ్?" అన్నాడు మావయ్య.

"పోలేదు," అంది, తెరమీంచి చూపు తిప్పకుండా.