ఒరిజినల్ గొట్టాలు

కళ్ల డాక్టరుగారికి ఎదుటివాళ్ల కంట్లో పడ్డ నలుసు గదికి ఆ చివర నుంచే కనబడుతుంది. సొంత కారు ఇంజన్‌లో పెట్రోలు గొట్టాలు పగిలిపోయి ఉంటే మాత్రం కనబడదు. ఆ పగుళ్లు చూపించలేక నానా తంటాలు పడుతున్నది ఆయన బావమరిది. అతను మెకానిక్. పాత కార్లు బాగుచేయడంలో అతని చెయ్యి తిరిగిన చెయ్యి అని ఊళ్లో అందరూ ఒప్పుకుంటారు, ఒక్క బావ తప్ప.

అది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, నేలకు అతుక్కుపోయినట్టుంటుంది. డాక్టరుగారి పెళ్లి కన్నా పదేళ్లు పాతది. ఆయన భార్య, అంటే మెకానిక్ అక్క, దాన్ని "నా సవతి" అంటుంది. ప్రతి ఆదివారం పొద్దున ఆయన ఆ సవతిని బయటికి తీసి, పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా ఒక చుట్టు తిప్పుతారు. పాత కార్లవాళ్ల సంఘం ఏడాదికోసారి పోటీ పెడుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు కారు ఎలా ఉందో అలాగే ఉండాలన్నది షరతు. పెట్రోలు గొట్టాల మీద ఫ్యాక్టరీవాళ్లు అచ్చేసిన తెల్ల అక్షరాలుంటే అయిదు మార్కులు. మొదటి కప్పు తేలేది రెండు మూడు మార్కుల తేడాలోనే.

"బావా, ఒక్కసారి ఇలా చూడండి. వంచితే రబ్బరు బిస్కెట్టులా విరిగేటట్టుంది. కిందనే పొగ వదిలే ఎగ్జాస్ట్ పైపు పెనంలా కాలుతూ ఉంటుంది. ఒక్క చుక్క పెట్రోలు దాని మీద పడితే చాలు," అన్నాడు మెకానిక్ కిందటేడు పోటీకి నెల ముందు.

"పడిందా?"

"ఇంకా పడలేదు."

"మరి గోలెందుకు? నలభై ఏళ్లు పడని చుక్క ఈ నెలలో పడుతుందా? అవి అయిదు మార్కులోయ్!"

"పడ్డాక వచ్చేది నేను కాదు బావా, ఫైరింజన్."

డాక్టరుగారు నవ్వారు. మంటలార్పే సిలిండరు ఆయన కొనకపోలేదు, ఖరీదైనదే కొన్నారు. సీటు వెనక బిగించాలంటే ఒరిజినల్ రేకుకు రెండు చిల్లులు పెట్టాలి. అందుకని అది హాల్లో టీవీ పక్కన కొలువు తీరింది.

బావతో వాదించడం కన్నా గోడకు చెప్పుకోవడం నయమని మెకానిక్‌కు ఆ రోజు తెలిసిపోయింది. గోడకు అక్క లేదు, అతనికుంది. సర్వీసింగ్ పేరు చెప్పి కారును షెడ్డుకు తెచ్చాడు. పాత గొట్టాలన్నీ పీకేసి కొత్తవి వేశాడు, క్లిప్పులు బిగించాడు. సన్న కుంచెతో, తెల్ల రంగుతో ఆ అక్షరాలను అచ్చుగుద్దినట్టు రాశాడు. పైన కాస్త గ్రీజూ దుమ్మూ పులిమాడు. తన పనితనం చూసి తనకే ముచ్చటేసింది. ఎవరికీ చెప్పలేదు. అక్క ప్రాణానికి ఇక భయం లేదని ఆ వారం హాయిగా తిన్నాడు, హాయిగా పడుకున్నాడు.

కప్పు డాక్టరుగారికే వచ్చింది. ఊరుకుంటే బాగుండేది, ఆయన మైకు పట్టుకున్నారు.

"నలభై ఏళ్ల గొట్టాలండీ! ఒక్క చుక్క కారలేదు. మెకానిక్కుల భయాలు వింటే మన కార్లలో ఒరిజినల్ అనేది మిగలదు. మా బావమరిదే చెప్పాడు, నేను విన్నానా?"

అందరూ చప్పట్లు కొట్టారు. మెకానిక్ కూడా కొట్టాడు, కొట్టక ఛస్తాడా?

కొత్త గొట్టాలు వేయించుకుందామని మెకానిక్ దగ్గర రోజు కూడా ఖాయం చేసుకున్న, అదే సంఘంలోని లాయరుగారు మర్నాడే ఫోన్ చేసి వద్దనేశారు. మెకానిక్ ఆయన ఇంటికి వెళ్లి బతిమాలాడు. "మీ బావగారి కారు చూశాక కూడా అదే పాటేమిటయ్యా?" అన్నారాయన. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే బావ కప్పు పోతుంది, పరువు పోతుంది, అక్క కాపురంలో నిప్పులు పోసినట్టవుతుంది. నోరు మూసుకుని వచ్చేశాడు. అది పిరికితనమేనని అతనికి తెలుసు. అప్పటి నుంచి ఎక్కడ ఫైరింజన్ గంట వినబడినా లాయరుగారి కారే గుర్తొచ్చేది.

ఈ ఏడాది పోటీ కాలేజీ మైదానంలో జరిగింది. జడ్జీలు చప్పుడు వినాలని అందరూ ఇంజన్లు ఆన్ చేసి ఉంచారు. లాయరుగారు కారు దిగి జడ్జీల కోసం చూస్తున్నారు. ఆయన తల్లి లోపలే కూర్చుంది. అంత పల్లపు సీట్లోంచి మాటిమాటికీ లేవడం ఆవిడ వల్ల కాదు. ముందు గుప్పున పెట్రోలు వాసన వచ్చింది, ఆ వెంటనే బానెట్ అంచుల్లోంచి పొగ. లాయరుగారు పరుగెత్తి బానెట్ ఎత్తబోయారు.

"ఎత్తకండి! గాలి తగిలితే భగ్గుమంటుంది! అక్కా, పెద్దావిణ్ణి దించు!" అని అరుస్తూ మెకానిక్ తన వ్యాన్‌లోని సిలిండరు అందుకుని ఉరికాడు.

అక్క ముసలావిడను చంకల కింద పట్టుకుని ఒక్క లాగు లాగింది. మెకానిక్ కారులోకి చెయ్యి పెట్టి తాళం తిప్పి ఇంజన్ ఆపాడు, బానెట్ లివరు లాగాడు. బానెట్ రెండు వేళ్ల సందు తెరుచుకుని ఆగింది. ఆ సందులో సిలిండరు గొట్టం దూర్చి మంట మొదట్లోకి కొట్టాడు. అర నిమిషంలో ఆరిపోయింది. వేడి తగ్గకముందే తెరిస్తే మళ్లీ అంటుకుంటుందని పది నిమిషాలు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

"మార్చుకునేవాణ్ణే," అన్నారు లాయరుగారు. "డాక్టరుగారి మాట విని ఆగాను."

"మీవి నిఖార్సయిన ఒరిజినల్ అయ్యుండవండీ," అన్నారు డాక్టరుగారు, ఏమాత్రం తొణకకుండా. "నావి చూడండి, చెక్కుచెదరలేదు!"

మెకానిక్ ఇక ఆగలేకపోయాడు.

"మీవీ ఒరిజినల్ కావు బావా. కిందటేడే నేను మార్చేశాను. ఆ అక్షరాలు నేను రాసినవే."

జడ్జి జేబురుమాలు పెట్రోల్లో ముంచి గొట్టం మీద రుద్దాడు. అయిదు మార్కులూ రుమాలుకు అంటుకున్నాయి. ప్రదర్శనకని కారు ముందు పెట్టిన కప్పును తీసి చంకన పెట్టుకున్నాడు.

"నలుగుర్లో నా తల తీశావు కదరా!" అన్నారు డాక్టరుగారు.

మెకానిక్ అక్క వైపు చూశాడు. బావ ఏమన్నా సరే, ప్రాణం కాపాడినందుకు అక్కయినా వెనకేసుకొస్తుందనుకున్నాడు. ఆమె దగ్గరికొచ్చింది.

"మార్చి ఏడాదైందా?"

"అవునక్కా. నీ కోసమే."

"మీ బావకు నువ్వు చెప్పిందంతా ఆ రోజు వంటింట్లోంచి విన్నానురా. ఈ ఏడాదంతా ప్రతి ఆదివారం తలుపు పిడి పట్టుకునే కూర్చున్నాను. ఎప్పుడంటుకుంటే అప్పుడు దూకేద్దామని. నాకొక్కదానికి చెవిలో చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

అక్కకిక భయం లేదనుకుని తను హాయిగా పడుకున్న రాత్రులన్నీ అతనికి గుర్తొచ్చాయి.

డాక్టరుగారు భార్య వంక చూశారు.

"నాతోనైనా అనలేదేం?"

"అంటే వినేవారా?"

ఆయన వెళ్లి కారెక్కారు. ఆమె కూడా ఎక్కి కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుంది.

"పోనివ్వండి," అంది.