మూడో భాగంలో అమ్మ గొంతు

మనీష అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. పుస్తకం మూసి సినిమాకు పోయే మనిషి కాదు. అలాంటిది ‘మెట్ల కింది గది’ మూడో భాగం వచ్చిన రోజే, చిక్కడపల్లిలో మధ్యాహ్నం ఆటకు పోదామని తనే అడిగేసరికి, రూమ్మేట్ రమ్య నోరు వెళ్లబెట్టింది.

“దయ్యాల పిచ్చి ఎప్పటిసంది పట్టిందే నీకు?”

“దాంట్ల దయ్యానికి ఏడ్పు మా అమ్మదే,” అంది మనీష.

దారిలో చెప్పుకొచ్చింది. ఆరేళ్ల కింద నారాయణగూడలో కూలగొట్టబోయే పాత బంగళా ఒకటి దొరికితే, మొదటి భాగం అక్కడే తీశారు. ఆ బంగళా కూలగొట్టే పనికి పాలమూరు నుంచి వచ్చిన కూలీల్లో మనీష తల్లి బాలనాగమ్మ ఒకతి. డబ్బింగ్ ఆర్టిస్టును పెట్టుకునే స్తోమత లేక ఆమె ముందే మైకు పెట్టి ఏడవమన్నారు. ఉత్తుత్తి ఏడుపు ఆమెకు చేతకాలేదు. అంతకు ముందేడు పరంజా మీంచి పడి చనిపోయిన భర్త బాలప్పను తలుచుకుని, శవం ముందు కూర్చున్నట్టే రాగం తీసి శోకం పెట్టింది.

మొదటి భాగంలో ఆ శోకం నిమిషం పాటు సాగింది. ఈలలేసే హాలు కిక్కురుమనలేదు. రెండో భాగంలో దాన్నే ముక్కలు చేసి తలుపు కిర్రుమన్నప్పుడల్లా అతికించారు.

పోయినేడు బాలనాగమ్మ జ్వరంతో పోయింది. శవం దగ్గర మనీషకు నోరు పెగల్లేదు. “సదువుకున్న బిడ్డకు శోకం గూడ రాదాయె,” అన్నారు ఊరి ఆడవాళ్లు. తల్లిది బటన్ ఫోన్. ఒక్క వాయిస్ మెసేజ్ లేదు. ఏడుపైతే రెండు భాగాల్లోనూ ఉంది, ఎన్నిసార్లయినా వినొచ్చు. మామూలుగా మాట్లాడితే ఎట్లా ఉండేదో మాత్రం మెల్లమెల్లగా మరిచిపోతోంది. కొత్త సినిమాలో ఇంకో రవ్వంతైనా దొరుకుతుందేమోనని ఆశ.

హాల్లో ముప్ఫై మంది కూడా లేరు.

“మొదటిదాంట్ల దయ్యాన్ని చూపియ్యలే, గందుకే భయమైంది,” అని రమ్య గుసగుసలాడింది. “రెండోదాంట్ల సగం చూపించిండ్రు. దీంట్ల విగ్గుకు పెట్టిన పిన్నులు గూడ కనపడుతున్నయ్.”

చివర్లో మెట్ల కింది తలుపు తెరుచుకుంది. ఆ పాత రికార్డింగునే మళ్లీ వాడారు. ఈసారి ముందు వెనకా కత్తిరించే ఓపిక కూడా ఎవరికీ లేకపోయినట్టుంది. దయ్యం నోరు తెరిచింది.

“ఇప్పుడు ఏడ్వాల్నా సారూ? జర నీళ్లు తాగొస్త, గొంతు ఎండింది.”

“తర్వాత తాగుదువులే, ముందు కానియ్,” అంది మగ గొంతు.

ఆ వెంటే శోకం మొదలైంది.

హాలు గొల్లుమంది. “తాగి రా అక్కా, మేం ఆగుతం!” అని ఎవరో కేకేశారు. రమ్య కూడా ఫక్కున నవ్వి, అంతలోనే నాలుక్కరుచుకుని మనీష చేయి పట్టుకుంది.

అదే గొంతు. మేస్త్రీతో, హాస్టల్ వార్డెన్‌తో అమ్మ మాట్లాడే గొంతు. అడగొచ్చో లేదో అన్నట్టుండే గొంతు.

బయటికొచ్చాక రమ్య, “మూడిట్ల ఇదే చెత్తదే,” అంది.

“అవును. రేపు మల్ల వస్త.”

మర్నాడు ఒక్కతే వచ్చింది. గోడ మీద వేరే సినిమా పోస్టరు అంటిస్తున్నారు.

“తీసేసిండ్రు బిడ్డా, పొద్దుగాల ఆటకు నలుగురొచ్చిండ్రు,” అన్నాడు ముసలి వాచ్‌మన్.

“మల్ల ఎక్కడన్న వస్తదా తాతా?”

“ఫోన్లల్ల పెడ్తరంట. ఏడ్పు కాడ ఏందో తప్పు పోయిందంట గదా, అది కోసేసి పెడ్తరంట.”

మనీష మెట్టు మీద కూలబడింది. మైదా బంక అంటిన బ్రష్షు పాత పోస్టరు మీద ఒక్కసారి అటూ ఇటూ తిరిగింది. ఆమెకు తెలియకుండానే పెదవులు కదిలాయి.

“నీళ్లన్న తాగనియ్యకపోయిరి నా తల్లీ... ఎండిన గొంతుతోనే ఏడిస్తివి నా తల్లీ...”

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఆమెకు శోకం వచ్చింది.