గదిలోకి ఒక్కొక్కరే

తోటి ఉద్యోగులారా, విద్యార్థులారా, ఆ చప్పట్లు ఆపండి. నేనెవరో విన్నాక కొట్టాలనిపిస్తే కొట్టండి. ఏడు నెలల గర్భిణికి అబద్ధం చెప్పి రాజీనామా రాయించిన మనిషిని నేను.

దుకాణాల ఆఫర్లను జనం ఫోన్లకు పంపే సాఫ్ట్‌వేర్ మాది. టైలర్ షాపు పైగదిలో ఆరుగురం మొదలుపెట్టాం. ఓనర్ని అందరం అన్నా అనేవాళ్లం. "మనది కంపెనీ కాదురా, కుటుంబం" అనేవాడు. ఆ మాటకి పడి చచ్చాం, ఆదివారాలు కూడా పనిచేశాం. మూడేళ్లకి అరవై మందిమయ్యాం, అద్దాల గదులొచ్చాయి. నాలుగో ఏడు పెద్ద దుకాణాలు సొంత సాఫ్ట్‌వేర్ చేయించుకున్నాయి. పెట్టుబడి పెట్టినవాళ్లు చేతులెత్తేశారు.

ఓనర్ నన్ను పిలిచాడు. "స్టాఫ్‌ని మనం తీసేస్తే కేసులవుతాయి. వాళ్లంతట వాళ్లే మానేసినట్టు రాయించు. ఒక్కొక్కరినే గదిలోకి పిలువు. నీ ఉద్యోగానికి నాది పూచీ."

సిగ్గులేకుండా తలూపాను.

మొదట పిలిచింది టెస్టింగ్ అక్కని. నా ప్రోగ్రాముల్లో తప్పులు దొరికితే ఓనర్ దాకా పోనివ్వకుండా నా చెవిలో వేసి ఎన్నోసార్లు కాపాడింది.

"సంతకం పెడితే కంపెనీ ఇచ్చిన ఆసుపత్రి కార్డు పనిచేస్తుందా తమ్ముడూ? కాన్పు అయ్యేదాకా ఉంటే చాలు."

"పనిచేస్తుందక్కా, నేనున్నాగా."

పనిచేయదని నాకు తెలుసు. సాయంత్రానికి పదకొండు రాజీనామాలు తెచ్చి ఓనర్ బల్ల మీద పెట్టాను. నెలాఖరుదాకా వాళ్లంతా పనికి రావాలన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అక్క ఆఫీసుకొచ్చింది. కార్డు చెల్లదని ఆసుపత్రివాళ్లు వెనక్కి పంపేశారు. హాలు మధ్యలో నిలబడి, నన్ను చూపించి అందరినీ అడిగింది: "మీకేం చెప్పాడు వీడు?"

"ఆర్నెల్లలో మళ్లీ తీసుకుంటారన్నాడు" అన్నాడు డిజైనర్.

"అందరూ పెట్టేశారు, నువ్వొక్కదానివే మిగిలావన్నాడు" అంది ఫోన్లెత్తే చెల్లి.

"ఓరి నీ దుంపతెగ! తలో అబద్ధమా!" అన్నాడు తలుపు దగ్గరి సెక్యూరిటీ తాత.



గోల విని ఓనర్ తలుపు తీశాడు. "ఏంటిది? ఒక్కొక్కరూ లోపలికి రండి, మాట్లాడదాం."

"ఒక్కొక్కరం వచ్చే మునిగాం. ఇక రాం" అంది అక్క.

"తాతా, వీళ్లని బయటికి పంపు!"

తాత కదల్లేదు. చచ్చేంత సిగ్గుతో నేనొక కాగితం లాక్కుని రాశాను: ఈ రాజీనామాలన్నీ ఓనర్ చెప్పగా నేను అబద్ధాలాడి రాయించినవి.

"నీకింకెక్కడా ఉద్యోగం దొరకదు!" అని ఓనర్ అరిచాడు.

అక్క కాగితం చదివి మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"ఏడో నెలని తెలిసే రాయించావుగా. అదేదీ? అది కూడా రాయి."

అందరూ చూస్తుండగా రాసి సంతకం పెట్టాను. తర్వాత సాక్షులుగా డిజైనర్ పెట్టాడు, చెల్లి పెట్టింది, తాత వేలిముద్ర వేశాడు.

లేబర్ ఆఫీసుకి బయల్దేరాం. లిఫ్టులో ఎనిమిది మందే పడతారు. "అక్కా, నువ్వు లిఫ్టులో దిగు" అన్నారెవరో.

"వద్దు, కలిసే దిగుదాం."

రెండంతస్తుల మెట్లు. అక్క ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతుంటే, అరవై మందిమీ ఆమె నడకతోనే దిగాం.