కీవర్డుల్లో మావయ్యగారు

మా ఆయన హరిబాబు పదకొండేళ్ళు దుబాయ్‌లో ఏసీలు బాగుచేసి వచ్చిన మనిషి. ఎలాంటి మెషీనైనా విప్పి మళ్ళీ బిగించేస్తారు. కాగితం మీద నాలుగు మాటలు కుదురుగా రాయమంటే మాత్రం చేతకాదు. ఆ సంగతి తెలిసి కూడా వెబ్‌సైటు కాగితం ఆయన చేతికే వదిలేశాను. తప్పు నాదే.

మాది పి.గన్నవరం. గోదావరి పాయ మీది అక్విడెక్టు దాటగానే బస్సులు ఆగే చోట మా షెడ్డు. నేను పనసపొట్టు కొట్టి అమ్ముతాను. లేత పనసకాయ చెక్కు తీసి, చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, సన్నగా రాలేట్టు కొట్టాలి. వినడానికి తేలికే. కొట్టి చూస్తే తెలుస్తుంది, చేతికంటిన జిగురు సాయంత్రం దాకా వదలదు. బస్సు దిగినవాళ్ళు కొనుక్కుంటారు, పెళ్ళిళ్ళ వంటవాళ్ళు చెప్పి కొట్టించుకుంటారు. నాకు అది చాలనే అనిపించేది.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయన షెడ్డులో కూర్చుని రెండు రోజులు చూశారు. "హైదరాబాద్‌లో మనవాళ్ళు పనసపొట్టుకి మొహం వాచిపోయి ఉన్నారే ప్రసన్నా. వెబ్‌సైటు పెట్టి బస్సుకి పార్సెల్ ఎక్కిద్దాం. రోజుకి ఇరవై పార్సెళ్ళు ఎక్కితే నేనింక వెళ్ళను" అన్నారు. ఎక్కకపోతే వెళ్తారు. రాజోలులో ఏజెంటు నాగబాబుగారు వీసా సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు. మార్చి ఇరవైలోగా ఔననో కాదనో చెప్పాలి.

నాకు ఆయన వెళ్ళడం ఇష్టం లేదు. మా అమ్ములు పుట్టినప్పుడు ఆయన లేరు, దానికి పాలపళ్ళు ఊడినప్పుడు లేరు, ఇప్పుడది ఐదో క్లాసు. కానీ ఉండిపొమ్మని నేను అడగలేదు. మొగుణ్ణి కూర్చోబెట్టి అలా అడగడం మా ఇంటా వంటా లేదు.

వెబ్‌సైటు చేసింది అమలాపురంలో కంప్యూటర్ సెంటరు నడిపే భవాని. ఆ అమ్మాయి ఒక తెల్లకాగితం మీద 'కీవర్డులు' అని రాసి ఆయనకిచ్చింది.

"సరుకు కావలసినవాళ్ళు ఫోన్లో ఏ మాటలు కొట్టి వెతుకుతారో అవి రాసివ్వండి హరిబాబుగారూ. వాటిని పేజీ పైనా లోపలా పెడతాను. వాటిని బట్టే మీరు వాళ్ళకి కనపడతారండి" అని చెప్పింది.

ఇంత వివరంగా చెప్పాక ఇంకెవరైనా ఏం రాస్తారు? మా ఆయన మూడు సాయంత్రాలు ఆలోచించారు. మా వైపు ఎవరింటికి దారి అడిగినా, "ఎవరి తాలూకా అండి?" అనే ముందు అడుగుతారు. ఫలానావారి మేనల్లుణ్ణనో, ఫలానావారి అల్లుణ్ణనో చెబితే గానీ వేలు చూపించరు. ఇంటికి దారి అలా దొరికినప్పుడు వెబ్‌సైటుకి మాత్రం ఇంకోలా ఎలా దొరుకుతుందనుకున్నారు మా ఆయన. చుట్టాల పేర్లన్నీ రాయడం మొదలుపెట్టారు. వరస తప్పకూడదని వాళ్ళ చెల్లెలి పెళ్ళి శుభలేఖ ట్రంకుపెట్టెలోంచి తీసి పక్కన పెట్టుకున్నారు. మొదటి పేరు వాళ్ళ మేనమామ ధర్మరాజుగారిది. ఆ తరవాత అరవై ఒక్క పేర్లు, అన్నిటికీ చివర 'గారు'.

పనసపొట్టు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. పొట్టు అనడం నామోషీ అట. 'నాణ్యమైన పనస ఆధారిత ఆహారోత్పత్తులు' అని రాశారు. అది చదివితే నాకే ఏం అమ్ముతున్నామో అర్థం కాలేదు.

భవాని కాగితం చూసి, "ఇన్ని పేర్లెందుకండీ?" అని అడిగిందట.

"మనల్ని ఎవరి పేరు మీద గుర్తుపడతారో మనకి తెలీదు కదండి. అన్నీ ఉంటే మంచిది" అన్నారట ఈయన.

పెద్దవాళ్ళకి ఎదురుచెప్పడం ఇష్టంలేక ఆ పిల్ల "ఆయ్, అలాగేనండి" అని మొత్తం కొట్టి పెట్టేసింది. మా కోనసీమ మర్యాద ఇలాగే కొంపలు ముంచుతుంది.

ఫిబ్రవరి మొదట్లో వెబ్‌సైటు తెరిచాం. మా ఆయన దాని లింకు చుట్టాలందరికీ ఫోన్లో పంపారు. గంటలో ఫోన్లు మొదలయ్యాయి. నేను ఆర్డర్లేమోనని చెయ్యి కడుక్కుని మరీ తీశాను.

మొదట సీతారత్నం పిన్నిగారు. "నా పేరు తీసికెళ్ళి నాగదుర్గాప్రసాద్ పేరు కింద వేసేరేంటమ్మా? బారసాలలో వాడికి ఆ పేరు పెట్టిందే నేను!"

ఆవిడ పేరు పైకి జరిపితే ప్రసాద్‌గారికి కోపం వచ్చింది. ప్రసాద్‌గారిని పైకి జరిపితే మస్కట్ నుంచి ఇంకొకాయన, "మా ఆవిడ తరఫువాళ్ళు ఒక్కరూ లేరు, ఏం, మేం కాని వాళ్ళమా అండీ?" అని నిష్ఠూరం. మా ఆయన రోజూ అమలాపురం వెళ్ళి భవాని చేత పేర్లు పైకీ కిందకీ జరిపించారు. ఆ పదిహేను రోజుల్లో హైదరాబాద్ బస్సెక్కిన పార్సెళ్ళు రెండు. అందులో ఒకటి భవాని వాళ్ళ పెద్దమ్మది.

నెల సగం అయ్యాక, వెబ్‌సైటు ఎంతమంది చూశారో చెప్పే రిపోర్టు వచ్చిందని భవాని పిలిచింది. ఈసారి నేనూ వెళ్ళాను.

"నాలుగువందల పన్నెండు సార్లు చూసేరండి" అంది.

ఆయన మొహం వెలిగిపోయింది. "చూసేవా? నేను చెప్పలేదూ!" అని, లేచి వెళ్ళి అరకిలో కాజాలు తెచ్చేశారు. ఆ కాజా నా నోట్లో ఉండగానే భవాని కింద జాబితా తెరిచింది. ఎవరు ఏ మాట కొట్టి వచ్చారో అందులో ఉంటుంది. 'ధర్మరాజు పి.గన్నవరం' తొంభై ఏడు. 'సీతారత్నం అమలాపురం' అరవై మూడు. అలా కిందిదాకా మా చుట్టాలే. ఎవరి పేరు వాళ్ళు కొట్టుకుని, వచ్చిందని చూసుకుని, మురిసిపోయి, మూసేశారు. పనస అని కొట్టినవాళ్ళు ముగ్గురు. అందులో ఒకదాన్ని నేను.

ఆయన కాజా పొట్లం మెల్లిగా మడిచేశారు. ఇంటికొచ్చాక, "నాగబాబుగారికి ఔనని చెప్పేస్తానే" అన్నారు.

నాకు ఏడుపు రావాలి. వచ్చింది కోపం.

"పొట్టు కావలసినావిడ ధర్మరాజు అని ఎందుకు కొడుతుందండీ? ఆవిడకి కావలసింది మన మావయ్యగారా? పొట్టు! కూరకి పొట్టు! ఎవరికేం కావాలో వాళ్ళ నోటి మాట వినాలి గానీ, మన గొప్పలు మనం రాసుకుంటే ఎవడికి కావాలి?" అని అరిచాను. రోడ్డు మీద ఆటో ఎక్కుతున్నవాళ్ళు కూడా దిగి చూశారు.

మర్నాటి నుంచి గోడ మీద క్యాలెండరు తిప్పి, వెనకవైపు, షెడ్డుకొచ్చినవాళ్ళూ ఫోన్ చేసినవాళ్ళూ అడిగింది అడిగినట్టు రాశాను. 'పనసపొట్టు కొట్టింది ఉందా.' 'హైదరాబాద్ పంపుతారా.' 'ఫ్రిజ్‌లో ఎన్ని రోజులుంటుంది, నల్లబడుద్దా.' 'పెళ్ళికి యాభై కిలోలు కావాలి.' 'ఆవ పెట్టి కూర ఎలా వండాలి.' నాలుగు రోజులకి క్యాలెండరు నిండింది. ఆ మాటలే పేజీ మీద పెద్ద అక్షరాలతో పెట్టి, ఒక్కోదాని కింద జవాబు రాయమన్నాను.

భవాని అది చదివి, "నేను మొదట అడిగిందిదేనండీ" అంది.

"మరి ఆ రోజు గట్టిగా చెప్పొద్దూ?" అన్నాను.

"ఎలా చెప్తామండీ, పెద్దవాళ్ళు కదా" అంది.

చుట్టాల పేర్లు అరవై రెండూ తీసేయించాను. పైన 'పి.గన్నవరం పనసపొట్టు, కొట్టి హైదరాబాద్‌కి పంపుతాం' అని వేయించాను. "పొట్టు అని అంత లావు అక్షరాలా! దుబాయ్‌లో నా స్నేహితులు చూస్తారే" అని ఆయన గింజుకున్నారు. "చూసి కొనుక్కోమనండి" అన్నాను.

వారం తిరక్కుండా రోజుకి నాలుగు పార్సెళ్ళు, ఐదు పార్సెళ్ళు ఎక్కడం మొదలైంది. ఆ ఆనందంలో ఉండగా ఒక ఉదయం ధర్మరాజు మావయ్యగారు మోపెడ్ మీద వచ్చారు. మాకొచ్చే కాయల్లో ముప్పాతిక వంతు ఆయన తోటవే. వచ్చారు కానీ లోపలికి రాలేదు. స్టూలు వేస్తే కూర్చోలేదు.

"పొద్దున్నే కాఫీ తాగి నా పేరు కొట్టేను. రాలేదు. ఎవడో ధర్మరాజు, స్టీలు సామాన్ల కొట్టువాడు, వాడొచ్చేడు. నేను బతికుండగానే నా పేరు కొట్టేసేరన్నమాట" అన్నారు.

"మావయ్యా, అది కాదండీ..." అన్నారు మా ఆయన.

"రేపట్నించి మా చెట్ల కాయలు దింపడం లేదురా అబ్బాయ్. అదొక్కటే చెప్పిపోదావని వచ్చేను."

మా ఆయన నా వైపు చూశారు. మళ్ళీ పెట్టించేద్దాం అని ఆ చూపుకి అర్థం. మళ్ళీ పెడితే మళ్ళీ మొదటికే వస్తాం. పెట్టకపోతే కొట్టడానికి కాయే ఉండదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. చేతులు జిగురుగా ఉన్నాయని స్పీకర్ పెట్టమన్నాను. హైదరాబాద్ నుంచి ఒకావిడ.

"వెబ్‌సైట్ చూశానండి. మీ కాయ ఎక్కడిది? మందులు కొట్టిన చెట్లు కాదు కదా?"

"మా మావయ్యగారి తోటదండి. చెట్టుకి మందు కొట్టడం మాట అటుంచండి, జొరమొస్తే మనుషుల్నే బిళ్ళ వేసుకోనివ్వరు. ఇక్కడే ఉన్నారు, అడగండి" అని ఫోన్ ఆయన వైపు తోయించాను.

మావయ్యగారు ఒక్క క్షణం బిగుసుకున్నారు. తరవాత గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. మొదటి చెట్టు వాళ్ళ నాన్నగారు ఏ సంవత్సరం వేశారో, ఏ తుఫానుకి ఏ కొమ్మ విరిగిందో, ఏ చెట్టు కాయ కూరకి మంచిదో, ఏది తొనలకి మంచిదో. మాట్లాడుతూ మాట్లాడుతూ స్టూలు మీద కూర్చున్నారు. కాఫీ ఇస్తే తీసుకున్నారు. ఇరవై నిమిషాలకి ఆవిడ, "ఆ తోటదే నాలుగు కిలోలు పంపండి. వేరేది వద్దు" అని పెట్టేసింది.

"విన్నారా? ఆవిడకి మీ పేరు ఊరికే అక్కర్లేదండీ. పొట్టుతో పాటు కావాలి" అన్నాను.

ఆ సాయంత్రమే పొట్లాల మీద కొత్త కాగితం అతికించాం: 'ధర్మరాజుగారి తోట పనసపొట్టు'. పేజీలోనూ వేశాం. ఆవ పెట్టిన కూర వండే విధానానికి సీతారత్నం పిన్నిగారి పేరు పెట్టాం, నిజానికి ఆవిడ చెప్పిందే కాబట్టి. తరవాతి రిపోర్టులో 'ధర్మరాజుగారి తోట పనసపొట్టు' అని కొట్టి వచ్చినవాళ్ళు పదిహేనుమంది కనిపించారు.

మావయ్యగారు ఆ రిపోర్టు కాగితం రెండుసార్లు చదువుకున్నారు. "ఇందులో నేను కొట్టినవి నాలుగేనమ్మా" అన్నారు, చాలా నిజాయితీగా.

ఇలా ఉండగా మార్చి ఇరవై వచ్చేసింది. ఆ రోజు రాజోలు నుంచి హైదరాబాద్ వెళ్ళే బస్సుకి ఎక్కినవి పదమూడు పార్సెళ్ళు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. పదమూడే. బస్సు వెళ్ళిపోయాక, మర్నాటి కాయలు కొడుతూ కూర్చున్నాను. ఆయన ఫోన్ మోగింది. నాగబాబుగారు.

"ఆయ్, నేనే అండీ. ఒక్క నిమిషం ఉండండి, ఇప్పుడే చెప్పేస్తాను" అన్నారు మా ఆయన. ఆ ఫోన్ ఎడమచేత్తో పట్టుకుని, మనం ఎన్నో వరసలో వస్తున్నామో ఆఖరిసారి చూద్దామని నా ఫోన్ కుడిచేత్తో తీశారు. వెతికే గడి మీద వేలు పెట్టారు.

అక్కడ వేలు పెడితే ఇంతకుముందు మనం వెతికినవన్నీ కిందకి జారి కనపడతాయి. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. లేచాను. కానీ రెండు చేతులూ మోచేతుల దాకా జిగురు. లాక్కుందామంటే ఫోన్ పాడవుతుంది. అలా చేతులు గాల్లో పెట్టుకుని నిలబడిపోయాను.

ఆయన పైకే చదివారు. "మొగుడు దుబాయ్ వెళ్ళకుండా ఏం చెయ్యాలి."

ఆయన వేలు కిందకి జరిపారు.

"మొగుడు ఇంటి దగ్గర ఉండిపోవాలంటే ఏ దేవుడికి మొక్కాలి." ఇంకొంచెం కిందకి జరిపారు. "మొగుడు దుబాయ్ వెళ్ళకుండా... ఇది మళ్ళీ కొట్టేవు."

"ఎన్నిసార్లు కొట్టినా సరైంది రాలేదు" అన్నాను.

"ఏం చూపించింది?"

"దుబాయ్‌కి టిక్కెట్లు. తక్కువ రేటుకి."

ఆయన నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగింది. "కావలసింది కావలసినట్టు రాయాలని నెల్రోజుల్నించి నన్ను తిట్టి పోస్తున్నావు కదే. మరి ఆ మాట నాకు ఒక్కసారైనా చెప్పేవా?"

పదకొండేళ్ళలో ఎన్నిసార్లు పెట్టె సర్దానో, ఆవకాయ సీసా మూతికి ఎన్నిసార్లు గుడ్డ కట్టానో. జాగ్రత్త అన్నాను, ఫోన్ చెయ్యమన్నాను. ఈ ఒక్క మాట మాత్రం అనలేదు. ఆయన ఊహించుకోవాలని ఊరుకున్నాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"వెళ్ళకండి" అన్నాను.

"ఆయ్" అన్నారు మా ఆయన.

ఎడమచేతిలో ఫోన్ ఇంకా తెరిచే ఉంది. అందులోంచి నాగబాబుగారు చిన్నగా దగ్గి, "ఆయ్, నేనూ విన్నానండి. మరి ఉంటానండి" అన్నారు.