తిలా నోట్లో ఎవరి ఎముక

లాస్ అల్గొదోనెస్ ఊళ్ళో అమెరికా సరిహద్దు గేటు దాటి నాలుగు వీధులు నడిస్తే చాలు, మూడొందల పంటి డాక్టర్ల బోర్డులు కనిపిస్తాయి. అలాంటి ఊళ్ళో, అదీ ఆ డాక్టర్లకి బేరాలు పట్టుకొచ్చే ఎర్మిలో ఇంట్లో, పెళ్ళానికి పైవరసలో ముందరి పళ్ళు నాలుగు లేవు. దీపం కింద చీకటంటే ఇదే మరి!

ఎర్మిలో పొద్దున ఎనిమిదింటికల్లా గేటు పక్క ఫుట్‌పాత్ మీద నిలబడతాడు. అటునుంచి టోపీలు పెట్టుకుని వచ్చే అమెరికా ముసలాళ్ళని వచ్చీరాని ఇంగ్లీషులో పలకరిస్తాడు. "పన్ను ఊడి ఎన్నాళ్ళయిందమ్మా? ఆలస్యం చెయ్యకండి! పన్ను లేని చోట ఎముక కరిగిపోతుంది. తర్వాత కొత్త పన్ను పాతడానికి జాగా ఉండదు!" ఈ పాఠం ఇరవై ఏళ్ళుగా రోజుకి నలభైసార్లు అప్పజెబుతున్నాడు. ఆయన భార్య దొమితిలా, అందరూ తిలా అంటారు, ఊరికి ఆ చివర వంటింట్లో అమ్మకానికి బురీతోలు, అంటే బీన్సు కూరిన రొట్టెలు, చుట్టుకుంటూ ఉంటుంది. గేటు వైపు రాదు. వచ్చినా ఆమెకి ఇంగ్లీషు ముక్క రాదు.

ఆ పళ్ళు పోయిన కథ చెప్పుకోవాలంటే ఎర్మిలోకి సిగ్గే. పంతొమ్మిదేళ్ళ కిందట తిలాకి ఒక పంట్లో చీము పట్టింది. మూలవీధి మీసాల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చి, "ఎంత మెత్తటి చెయ్యయ్యా ఆయనది! సూది గుచ్చినట్టే తెలీలేదు," అంది పాపం. అంతే, ఎర్మిలో కడుపులో అగ్గి రాజుకుంది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కితే ఊరుకోనన్నాడు. పోనీ ఇంకో డాక్టరంటే, వాడి చూపు మంచిది కాదన్నాడు. మరొకడంటే, వాడికి పెళ్ళి కాలేదన్నాడు. వైద్యం సగంలో ఆగింది. చీము పక్క పళ్ళకి పాకింది. రెండేళ్ళు తిరక్కుండా నాలుగూ పోయాయి.

అప్పట్నించి తిలా అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ఆమె నవ్వితే డాన్సుల్లో పక్క బల్లల వాళ్ళు కూడా తల తిప్పి చూసేవాళ్ళు. ఆ చూసినవాళ్ళందరినీ ఎర్మిలో పేరుపేరునా లెక్కపెట్టుకునేవాడు. ఇప్పుడు లెక్కపెట్టడానికి ఎవరూ లేరు. పైకి చెప్పుకోకూడదు గాని, అతగాడికి ఆ బోసినోరు హాయిగానే ఉండేది.

ఈ ఏడాది జనవరిలో, రోజూ తిలా బురీతోలు తినే డాక్టర్ బ్రిసెయిదా ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. ఎర్మిలో కూడా వెంటపడి వెళ్ళాడు. డాక్టరు ఆడమనిషి కాబట్టి కాదనడానికి సాకు దొరకలేదు.

"పళ్ళు పాతాలంటే ఎముక ఉండాలి, దోన్యా తిలా. ఇక్కడ చూడండి, కత్తి అంచులా సన్నబడిపోయింది," అంది డాక్టరు తెర మీద వేలు పెట్టి. "పళ్ళు లేకపోతే ఎముక కరిగిపోతుంది."

"ఎముక కరుగుతుందా? అయ్యో తల్లీ, ఒక్కరూ చెప్పలేదే నాకు! తెలిసుంటే పాక్కుంటూ అయినా వచ్చేదాన్ని కదా!" అంది తిలా.

ఎర్మిలో తన బూట్ల వంక చూసుకున్నాడు.

"కంగారుపడకండి. ముందు ఎముక వేసి పెంచుతాం. ఆరునెలలాగి పళ్ళు పాతుతాం."

"ఎముకంటే, ఎవరి ఎముక?" అన్నాడు ఎర్మిలో. బూట్ల మీంచి తల లేచింది.

"ఎముకల బ్యాంకు నుంచి వస్తుంది. పోతూ పోతూ దానం చేసినవాళ్ళది. శుభ్రం చేసి పొడి కొట్టి పంపుతారు."

"మగాడిదా, ఆడదానిదా?"

డాక్టరు నవ్వింది. "పొట్లం మీద ఒక అంకె ఉంటుంది. అంతకన్నా నాకూ తెలీదు."

"అయితే నాది తియ్యండి! తుంటిలోంచి తీస్తారో, మోకాల్లోంచి తీస్తారో, మీ ఇష్టం. నా పెళ్ళాం నోట్లో ఎవడో పరాయివాడి ఎముక ఏమిటండీ!"

"ఏమయ్యా, నీకు బుద్ధుందా? చచ్చిపోయినవాళ్ళ మీద కూడానా?" అంది తిలా.

"చూడండి దోన్ ఎర్మిలో, చిక్కుడు తీగకి పందిరి వేస్తాం చూశారా, ఈ పొడి అలాంటిది. దాన్ని పట్టుకుని ఆవిడ సొంత ఎముకే పాకుతుంది," అని డాక్టరు ఓపిగ్గా చెప్పింది. ఎర్మిలోకి పందిరి చెవికెక్కలేదు. ఆ పందిరికి ఎముకిచ్చినవాడే కళ్ళ ముందు నిలబడ్డాడు.

ఆ గురువారమే తిలా పని చేయించుకుంది. పొడి వేసి, పైన పొర కప్పి, కుట్లు వేశారు. మొహం బూరెలా వాచింది. పది రోజులు బీన్సు చారే తాగింది. చారు ఎర్మిలోయే కాచి ఇచ్చాడు, కాదనకూడదు. కాని గిన్నె చేతికిచ్చి, పెదవుల వంక చూడకుండా తల తిప్పుకునేవాడు.

ఫుట్‌పాత్ మీద ఇంకో నరకం. తిలా చిన్నాన్న కొడుకు పోలో కూడా అక్కడే బేరాలు పిలుస్తాడు. వాడి నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఏం బావా, ఇవాళ ముగ్గురూ కులాసానా?"

"ముగ్గురేమిట్రా?"

"నువ్వూ, మా అక్కా, ఆ ఎముకాయనా! ముద్దు పెట్టుకునేటప్పుడు జాగ్రత్త బావా, ఎవరికి తగుల్తుందో ఏమో!"

"నీ నాలుక తెగ! బేరం వస్తోంది చూసుకో!"

కాని మాట గుచ్చుకుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? ఎర్మిలో బుర్రలో ఆ చచ్చినవాడు రోజురోజుకీ బలిశాడు. ముందు పొడుగ్గా ఉన్నాడు, తర్వాత గిటారు వాయించాడు, ఈస్టరు వచ్చేసరికి వాడికి మీసాలు కూడా మొలిచాయి. తిలా అద్దం ముందు నిలబడి నాలుకతో చిగురు తడుముకుంటే, వాడితో కబుర్లాడుతున్నట్టే ఉండేది ఎర్మిలోకి. ఒకనాడు ఆమె గుడికి వెళ్ళి పోయినవాళ్ళ పేర్లు చదివించే కాయితం మీద ఒక వరస ఖాళీగా వదిలింది. పేరేదమ్మా అని పాదిరి అడిగితే, "దేవుడికి తెలుసు లెండి, నాకు ఎముకిచ్చిన మనిషి," అంది. పూజ అయ్యేవరకూ ఎర్మిలో పళ్ళు పటపట కొరుకుతూనే ఉన్నాడు.

"నాకోసం ఎప్పుడైనా చదివించావా?" అన్నాడు దారిలో.

"నువ్వు చావలేదుగా," అంది తిలా.

నిజం చెప్పాలంటే అతని భయం చచ్చినవాడి గురించి కాదు. పళ్ళొస్తాయి. చెయ్యి కిందికి దిగుతుంది. ఆ నవ్వు మళ్ళీ వీధిన పడుతుంది. మళ్ళీ బల్లల దగ్గర తలలు తిరుగుతాయి. అది కడుపులో దాచుకుని ఎముక మీద పడి ఏడుస్తున్నాడు. వారానికోసారి డాక్టరు గుమ్మంలో నిలబడి, మగా ఆడా అని అడుగుతూనే ఉన్నాడు. ఆవిడ తెలీదంటూనే ఉంది.

జూలై వచ్చింది. మళ్ళీ ఫొటో తీశారు. తెర మీద కత్తి అంచు లేదు. నిండుగా, తెల్లగా, వెడల్పుగా ఎముక పేరుకుంది. తిలా చేతులు జోడించింది.

"ఇవాళే పళ్ళు పాతేద్దాం," అంది డాక్టరు, తొడుగులు వేసుకుంటూ.

"ఆగండి డాక్టరమ్మా," అన్నాడు ఎర్మిలో. "పాతేముందు ఆ బ్యాంకుకి ఒక్క ఫోను చెయ్యండి. మగాడిదైతే మగాడిదని చెప్పెయ్యండి. నేను ఉండలేకపోతున్నాను."

డాక్టరుకి నిజంగానే విసుగొచ్చింది. "దోన్ ఎర్మిలో! ఏమీ తెలియనివాళ్ళు అడిగితే అనుకోవచ్చు. మీరేమిటండీ? పన్ను లేకపోతే ఎముక కరిగిపోతుందని ఈ ఊళ్ళో అందరికన్నా ముందు చెప్పిందే మీరు! పన్నెండేళ్ళ కిందట నేనీ ఊరికి వచ్చిన రోజున గేటు దగ్గర విన్నాను, ఆలస్యం చెయ్యకండి అంటూ ఆ ముసలాళ్ళని బతిమాలుతున్నారు. మీ మాట విని ఎంతమంది ఎముక దక్కించుకున్నారో! అంత తెలిసిన మనిషి, ఇలా చంటిపిల్లాడిలా..."

తిలా కుర్చీలో లేచి కూర్చుంది.

"ఏం చెబుతాడు గేటు దగ్గర?"

తిలా మొగుడి వైపు తిరిగింది.

"నిన్నే అడిగేది. ఎముక కరుగుతుందని చెబుతావా?"

"అది... పాఠం తిలా. డాక్టర్లు నేర్పిస్తారు. అందరం చెబుతాం."

"ఎప్పుడు నేర్పారు? నా పళ్ళు పోకముందా, పోయాకా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. తిలా అతని కళ్ళలోకి సూటిగా చూస్తోంది. ఇన్నేళ్ళలో ఆ చూపు తన మీద నిలవాలని ఎన్నిసార్లు కోరుకున్నాడో!

"పోకముందే," అన్నాడు.

తిలా తెర మీది బొమ్మ వంక చూసింది.

"మొగుడికి తెలివి తక్కువ, ప్రేమ ఎక్కువ, అందుకే డాక్టరు దగ్గరికి పోనివ్వలేదనుకున్నానయ్యా ఇన్నాళ్ళూ," అంది. "దారిన పోయే ప్రతివాళ్ళకీ చెప్పావు. నాకు చెప్పలేదు. ఆ ఎముకిచ్చింది మగో ఆడో నాకు తెలీదు. నా మొహం ఎన్నడూ చూడనివాళ్ళు నాకు ఎముకిచ్చి పోయారు. పక్కలో పడుకున్నవాడివి నువ్వు, నా ఎముక తినేశావు."

"తిలా..."

"బయటికి నడు."

ఎర్మిలో వసారాలోకి వచ్చి నిలబడ్డాడు. లోపలినుంచి తిలా లేచి వచ్చి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది, ఆ వెంటనే, "ఇంక కానివ్వండి డాక్టరమ్మా," అన్న ఆమె గొంతు.